మంచం కింద వల

కంచరపాలెం, విశాఖపట్నం
నవంబరు 10

బావా జగ్గయ్యా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా మోకాలు తప్ప. అది నువ్వు పాతికేళ్ల కిందట గ్రౌండులో నా కాలికి అడ్డం పడినప్పటి నొప్పేనని ఇప్పటికీ నా నమ్మకం.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుతావు. మీ పడవలో ఎనిమిది మందికి ఒకటే ఫోను. స్పీకరు పెట్టుకుని అందరూ వింటారు. ఇక్కడ నేను ఫోనులో మాట్లాడితే పక్కింటివాళ్లు టీవీ సౌండు తగ్గిస్తారు. ఇది పది చెవుల్లో పడాల్సిన సంగతి కాదు. మీ అన్నకూతురు దేవి గురించి.

రెండేళ్ల కిందట నేను ఆట నేర్పే అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో చేరినప్పుడు దానికి పరుగు తప్ప మరేమీ రాదు. ఎడమ వింగులో నిలబెడితే బంతిని వెనక వదిలేసి తను ముందుకు పోయేది. ఇప్పుడు చూడాలి నువ్వు! గీత వెంబడి వెళ్తూ ఎదురొచ్చిన పిల్లని ఒక్క భుజం వంపుతో కూర్చోబెడుతుంది. రెండోదాన్ని అటు చూపించి ఇటు దాటుతుంది. పోయిన ఆదివారం పెందుర్తి జట్టు మీద అలా తొమ్మిదిసార్లు దాటింది. అది నా సొంత ఊరి జట్టు. అయినా లేచి చప్పట్లు కొట్టాను.

అక్కడిదాకా సరే. ఆ తర్వాతదే నాకు అంతుపట్టడం లేదు. కీపరు పడిపోయి ఉంటుంది, ముందు ఎవరూ ఉండరు, మెల్లిగా నెట్టినా చాలు. మన దేవి కొడితే బంతి స్తంభానికి జానెడు అవతల నుంచి పోతుంది. ఏడు మ్యాచులు, పదకొండు అవకాశాలు, ఒక్క గోలు లేదు. చేతకాక తప్పితే నాకు బాధ లేదు బావా. ప్రాక్టీసులో ఇరవై కొడితే పదహారు లోపలికి పంపుతుంది. మరి మ్యాచులోనే ఎందుకిలా?

"ఏమైందే?" అని అడిగాను. "ఏటి సార్, నాను కావాలనే సేత్తన్నానా?" అంది, నా మొహంలోకి చూడకుండా. నేను ఆ మాట అననే లేదు. అనని మాటకి జవాబు ఎందుకు చెప్పింది?

ఇంకొకటి. ఎర్రటి కొత్త బూట్లు వేసుకొస్తోంది. ఎవరు కొన్నారంటే "మాయమ్మ" అంది. పోతమ్మ రొయ్యల కంపెనీలో పొట్టు ఒలిచే మనిషి. అలాంటి బూట్లు ఆవిడ కొంటుందా? మధురవాడ క్లబ్బు కోచ్ మన గ్రౌండు గోడ పక్కన దానితో గుసగుసలాడటం రెండుసార్లు నా కళ్లారా చూశాను. ఇంక నువ్వే ఆలోచించు.

మార్చిలో జిల్లా ఫైనల్‌కి రాష్ట్ర సెలక్టర్లు వస్తున్నారు. వాళ్లు తీసుకుంటే హాస్టలు, చదువు, ఆట అన్నీ వాళ్లవే. తీసుకోకపోతే ఏప్రిల్ నుంచి దాన్నీ తనతో పొట్టు ఒలవడానికి తీసుకుపోతానని పోతమ్మ చెప్పేసింది. గోలు కొట్టని వింగరు ఎవరికీ అక్కర్లేదు. అది దానికీ తెలుసు.

మీ అన్న ఎల్లాజీ పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు నువ్వే. నీకు తెలిసింది దాచకుండా రాయి. కవరు అంటించిన చోట నా సంతకం పెట్టాను. అది చెదిరి ఉంటే ఎవరో విప్పారని అర్థం.

నీ బావ,
రమణమూర్తి


వెరావల్, గుజరాత్
డిసెంబరు 4

రమణమూర్తి బావకి జగ్గయ్య నమస్కారం.

ఇరవై రెండు రోజులు సముద్రంలో ఉండి నిన్ననే రేవుకి వచ్చాం. నీ ఉత్తరం షెడ్డులో ఐసు పెట్టెల మీద తడిసి ఉంది. నీ సంతకం చెదిరింది, కంగారు పడకు, అది ఐసు నీళ్ల పని.

దేవి ఆట గురించి రాసింది నాలుగుసార్లు చదివాను. మిగతాది ఒక్కసారి చదివి మడత పెట్టేశాను.

నీకు అనుమానం రాని రోజు ఉందా బావా? రిఫరీ విజిలు కొత్తదైతే అనుమానం. పాలవాడు నవ్వితే అనుమానం. స్టీల్ ప్లాంటులో పనిచేసినన్నాళ్లూ టిఫిను బాక్సుకి తాళం వేసుకున్న మనిషివి నువ్వు. మా పిల్ల ఆటని అమ్ముకోదు. బూట్ల సంగతి నువ్వు పట్టించుకోకు. వాళ్లమ్మ కొన్నానంటే కొన్నట్టే.

అనుమానాలు నీ ఒక్కడి సొత్తు కాదు. మీ తమ్ముడి కూతురు సత్యశ్రీ అదే ఎడమ వింగు కోసం బెంచీ మీద కాచుకుని ఉందట. మా పేటవాడొకడు ఇక్కడ చెప్పాడు. దేవి పేరు కొట్టేస్తే ఆ చోటు ఎవరికి దక్కుతుంది? ముందు దానికి జవాబు రాయి, ఆ తర్వాత మా ఇంటి బూట్లు లెక్కపెట్టు.

కోపంలో రాశాను, ఏమీ అనుకోకు. ఒకటి అడుగుతాను. దేవి నా గురించి నీతో ఎప్పుడైనా ఏమైనా అంటుందా?

జగ్గయ్య


కంచరపాలెం
డిసెంబరు 21

జగ్గయ్యా,

బావా అని పిలవబుద్ధి కావడం లేదు. సత్యశ్రీకి ఎడమకాలు, కుడికాలు ఒకటే. రెండూ పనిచెయ్యవు. దాన్ని ఆడించడం లేదని మా తమ్ముడు ఏడాదిగా నాతో మాట్లాడటం మానేశాడు. ఇప్పుడు నువ్వు కూడా తగులుకున్నావా!

నీ గురించి అడిగావు. ఏమీ అనదు. "మీ చిన్నాన్న ఎలా ఉన్నాడే?" అంటే వంగి లేసులు కట్టుకుంటుంది, కట్టుకున్నవే మళ్లీ కట్టుకుంటుంది. అక్కడి సీజను అయిపోగానే మీ పేటవాళ్లందరూ ఇళ్లకి వచ్చేస్తారు. నువ్వు మాత్రం ఎనిమిదేళ్లుగా రావు. ఎందుకు రావో ఎప్పుడూ చెప్పలేదు. మీ ఇద్దరి మధ్య ఏదో ఉంది.

ఈ మూడు వారాలు దాని మీద కన్నేసి ఉంచాను. మరో రెండు మ్యాచులు. ఆట ఇంకా పదునెక్కింది. తను గోలు కొట్టలేదు గానీ పక్కవాళ్లకి అందించి మూడు కొట్టించింది. దాని దగ్గరికి బంతి వెళ్తే చాలు, జనం నిలబడుతున్నారు. గోలు ముందుకి రాగానే మళ్లీ అదే జానెడు.

మా కీపరు సాయిదుర్గని పక్కకి పిలిచి అడిగాను. ఆ పిల్ల చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "దేవి మేచ్ రోజు గోలు లోపలికి రాదు సార్. బంతి లోపల పడితే నన్నే తెమ్మంటాది. ఎనక నుంచి సుట్టూ తిరిగి ఎల్తాది గానీ సెయ్యి కూడా ఎయ్యదు. ప్రాక్టీసులో అయితే మామూలుగానే వస్తాది."

నేనూ గమనించాను. ప్రాక్టీసుకి ఉత్త స్తంభాలే. వల మ్యాచు రోజునే కడతాం. కొత్త వల కదా, మా వీధిలో దొంగలెక్కువ, అందుకని నా మంచం కింద ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. మ్యాచు రోజు పొద్దున్న పిల్లలంతా తలో పక్క పట్టుకుని కడతారు. మీ పిల్ల మాత్రం నీళ్ల సీసాలు నింపాలంటూ తప్పుకుంటుంది. పేరొచ్చేసరికి పొగరెక్కిందేమో! జాలరి పిల్లకి వల ముట్టుకోవడం నామోషీయా?

జనవరి ఇరవై దాకా చూస్తాను. ఈలోగా నీ నుంచి నిజం రాకపోతే దాని పేరు కొట్టేస్తాను.

రమణమూర్తి


కంచరపాలెం
జనవరి 24

జగ్గయ్య గారికి,

మీ పడవ ఒకటో తారీఖునే రేవుకి వచ్చిందని మీ పేటలో కనుక్కున్నాను. నా ఉత్తరం అందలేదని చెప్పకు. ఇంత మౌనానికి ఒకటే అర్థం. గోలు కొట్టొద్దని దానికి చెప్పింది మీ ఇంటివాళ్లే. సెలక్షను పోతే పిల్ల గడప దాటదని మీ ఆలోచన. అందులో నువ్వూ ఉన్నావు. నాతో ఆడినవాడు ఇలా చేస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు.

తుది జట్టు జాబితా ఫిబ్రవరి పదిహేనున ఇవ్వాలి. పెన్ను నా చేతిలో ఉంది.

రమణమూర్తి


వెరావల్
ఫిబ్రవరి 3

బావా,

నీ ఉత్తరం జనవరి మొదటి వారంలోనే అందింది. అబద్ధం చెప్పను. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ కాగితం చింపేశాను. నువ్వు రాసిన దాంట్లో నీకు కనబడనిది నాకు కనబడింది.

దేవికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఒడ్డున వలలు ఆరేసి ఉన్నాయి, పిల్లలు బంతి ఆడుతున్నారు. మాలో వలకి కాలు తగలకూడదు. కొత్త వలకి పసుపు రాసి, గంగమ్మ తల్లికి చూపించి, ఆ తర్వాతే నీళ్లలోకి దింపుతాం. ఆడపిల్ల దాన్ని దాటినా పెద్దవాళ్లు ఊరుకోరు. బావా బావా అని పిలుచుకున్నా మీది నాగలి పట్టిన ఇల్లు, నీకు ఇది తెలియదు. ఆ రోజు దేవి కొట్టిన బంతి వాళ్ల నాన్న వలలో చిక్కుకుంది. అది పరుగెత్తుకెళ్లి చేత్తో తియ్యకుండా కాలితో ఒక్క తన్ను తన్నింది. వల అల్లికలో నాలుగు కన్నులు తెగాయి. చూసిన ముసలమ్మలు నోళ్లు నొక్కుకున్నారు. మా అన్న మాత్రం "గోలు!" అని అరిచి, నవ్వుకుంటూ కూర్చుని తనే ఆ కన్నులు కుట్టుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున వేటకి వెళ్లాల్సిన వంతు నాది. నేను తాగి పడి ఉన్నాను. అన్న నన్ను లేపకుండా ఆ వల తీసుకుని నా బదులు వెళ్లాడు. గాలి తిరిగింది. పడవ దొరికింది. మిగతావాళ్లు ఈదుకొచ్చారు. అన్న దొరకలేదు.

మూడోరోజు పేటంతా ఒడ్డు మీదే ఉంది. దేవి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను విదిలించేశాను. "వలని కాలితో తన్నినావే! మా అన్నని నువ్వే మింగీసినావ్!" అని అరిచాను. అందరూ విన్నారు, ఒక్కరూ కాదనలేదు. అది ఏడవలేదు బావా. తల వంచి తన కాలి వంక చూసుకుంది.

తప్పు నాది. నా వంతు నేను వెళ్లి ఉంటే అన్న బతికి ఉండేవాడు. ఆ మాట ఎవరైనా నన్ను అంటారేమోనని భయపడి, నేనే ముందు పిల్ల నెత్తిన వేశాను. సంపాదన కోసం కాదు నేను వెరావల్ వచ్చింది. దాని మొహం చూడలేక వచ్చాను.

ప్రాక్టీసులో పదహారు ఎలా పోతున్నాయో ఇప్పుడు తెలిసిందా? అక్కడ వల లేదు. నీ మంచం కింద ఉంది.

బూట్లు కూడా నావే. నేను పంపానంటే వేసుకోదని పోతమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడు చేతిలో ఒక పని ఉంది, అది అయ్యాక రాస్తాను. అంతవరకు దాని పేరు కొట్టెయ్యకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

జగ్గయ్య


కంచరపాలెం
ఫిబ్రవరి 14

బావా,

నీ ఉత్తరం చదివి మంచం మీద కూర్చుండిపోయాను. ఆ మంచం కిందే పెట్టె.

మర్నాడు తాళం తీసి వల గ్రౌండుకి పట్టుకెళ్లాను. ప్రాక్టీసుకి వల ఎందుకని పిల్లలు ఆశ్చర్యపోయారు. ఎండకి ఆరాలన్నాను. దేవి ఇరవై కొట్టింది. ఒక్కటీ లోపలికి వెళ్లలేదు. ఇరవయ్యోది కొట్టి గడ్డి మీద కూర్చుండిపోయింది. లెక్క రాసుకునే నోటుబుక్కు నేను జేబులోంచి తియ్యలేదు.

మధురవాడ కోచ్ సంగతి కూడా కనుక్కున్నాను. తమ జట్టులోకి రమ్మని రెండుసార్లు బతిమాలాడట, ఇది రానందట. "మరి నాతో చెప్పవేం?" అన్నాను. "సెప్తే మీరు నమ్మరు కదా సార్" అంది. పిల్లలకి ఆట నేర్పుతున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. వాళ్లు నా దగ్గర మాట దాచుకోవడం నేర్చుకుంటున్నారు.

దాని పేరు జాబితాలో రాశాను. కానీ ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు బావా. నేను "తన్నవే, ఏమీ కాదు" అంటే అది వినదు. నేను ఎవరిని చెప్పడానికి? ఫైనల్ మార్చి పదహారున.

రమణమూర్తి


వెరావల్
ఫిబ్రవరి 27

రమణమూర్తి బావకి,

మా పేటవాడొకడు పనుండి ఊరికి వస్తున్నాడు, అతని చేత మూట పంపుతున్నాను. అందులో గోలు వల ఉంది. కొలతలు ఇక్కడి గ్రౌండుకి వెళ్లి తాడు పెట్టి కొలుచుకున్నాను. నెల రోజుల పాటు పడవ మీద ఖాళీ దొరికినప్పుడల్లా అల్లాను. ఇంత పెద్ద కన్నుల్లో ఏ చేప పడుతుందని మావాళ్లు నవ్వారు.

కిందది దేవికి చదివి వినిపించు. తను చదువుకుంటానంటే ఇచ్చెయ్.

దేవీ, నేను మీ చిన్నాన్నని. ఈ వలకి నేను పసుపు రాయలేదు. గంగమ్మకి చూపించలేదు. ఉప్పునీళ్లు తగలనివ్వలేదు. ఇది వేటకి పుట్టలేదు, తన్నులు తినడానికే పుట్టింది. అయినా నీకు భయం ఉంటుందని, అల్లడం అయ్యాక రేవులో రెండు గుంజలకి కట్టి, మనవాళ్లందరి ముందు మొదట నేనే తన్నాను. కాలితో, గట్టిగా. వాళ్లు దండాలు పెట్టుకున్నారు. ఆ తర్వాత నేను మూడుసార్లు పొద్దున్న వేటకి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాను. బాగానే ఉన్నాను. ఆ రోజు వెళ్లాల్సినవాణ్ణి నేను. మీ నాన్న నా బదులు వెళ్లాడు. నువ్వు తన్నినప్పుడు ఆయన "గోలు!" అని అరిచి నవ్వాడు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను. అది దాచి నిన్ను ఆ మాట అన్నాను. నన్ను క్షమించమని అడగను. నీ కాలు ఏ తప్పూ చెయ్యలేదు, అంతే.

జగ్గయ్య


కంచరపాలెం
మార్చి 18

బావా,

మూట అందింది. దాన్ని పెట్టెలో పెట్టలేదు, తాళం వెయ్యలేదు. నేరుగా దేవి చేతికి ఇచ్చాను. ఉత్తరం తనే తీసుకుని రైలు గేటు వైపు వెళ్లి చదువుకుంది. గంట తర్వాత వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "సార్, ఈ వల కడదామా?" అంది. అప్పటికీ ప్రాక్టీసులో నాలుగైదు కంటే ఎక్కువ లోపలికి పోలేదు. మొన్నటి ఫైనల్లో ఒక పక్క వల పాతది, కన్నాలు పడి ఉంది. మాది కడతామంటే సరేనన్నారు. దేవే దగ్గరుండి కట్టింది. ముడి ముడికీ లాగి చూసుకుంది.

మొదటి సగంలో మనం కొట్టాల్సింది నీ వల లేని రెండో పక్కకి. మళ్లీ జానెడు తప్పింది. రెండో సగంలో పక్కలు మారాయి, నీ వల ముందుకి వచ్చింది. అరగంట గడిచాక గీత వెంబడి ఇద్దర్ని దాటి లోపలికి వచ్చేసింది. కీపరు కింద పడింది. నెడితే చాలు. దేవి బంతి మీద కాలు పెట్టి ఆగిపోయింది! వెనక నుంచి మనిషి వచ్చేస్తోంది. అప్పుడు కొట్టింది చూడు, మూడడుగుల దూరం నుంచి, గోడ పగలగొట్టేంత గట్టిగా. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తనే గోలులోకి వెళ్లి, వలలోంచి బంతిని చేత్తో తీసుకుని గుండెలకి హత్తుకుని అక్కడే కూర్చుంది. సాయిదుర్గ తన గోలు వదిలేసి మైదానమంతా పరుగెత్తుకొచ్చింది. రిఫరీ ఇద్దర్నీ తిట్టాడు. నేను ఏడ్చాను, ఇది మాత్రం చదివాక చింపెయ్.

మ్యాచు రెండు ఒకటితో ఓడిపోయాం. ఆ రిఫరీ మీద నాకు అనుమానం ఉంది. ఈ ఉదయం రాష్ట్ర జట్టు జాబితా వచ్చింది. నాలుగో పేరు మన దేవిది. పోతమ్మ మిఠాయి పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

ఈ కవరులో దేవి కాగితం కూడా ఉంది. మడిచి దారంతో కుట్టి ఇచ్చింది. నేను విప్పలేదు, ఒట్టు.

నీ బావ,
రమణమూర్తి


సిన్నాన్నా,

బూట్లు నువ్వే పంపినావని నాకు మొదటి రోజే తెలుసు. లోపల కుక్కిన పేపరు గుజరాతీది. అయినా ఏసుకున్నాను.

ఆ రోజు నాన్న "గోలు" అని అరిసినాడని నాను మర్సిపోనాను. నువ్వు రాసినాకే గుర్తొచ్చింది. నవ్వినాడు కూడా. ఇప్పుడు ఆ మొకం కనిపిత్తంది.

నీ వల కుడి పక్క కింద మూల తెగిపోయింది. నాలుగు కన్నులు. సార్ కుడతానంటే వద్దన్నాను. నువ్వొచ్చి కుట్టు.

దేవి